ఆర్-స్క్వేర్ ఒక్కటే చూస్తే సరిపోదండి

షేర్ల రాబడిని మార్కెట్ కదలిక, కంపెనీ సైజు, ధరతో పోలిస్తే పుస్తక విలువ అనే మూడు అంశాలతో (ఫ్యాక్టర్లతో) వివరించే మోడల్‌ను ఆర్థికవేత్తలు ఫామా, ఫ్రెంచ్ 1993లో ఇచ్చారు. అది మన మార్కెట్‌కూ సరిపోతుందని మీ వ్యాసంలో రాశారు. ఆర్-స్క్వేర్ (రాబడి హెచ్చుతగ్గుల్లో మోడల్ వివరించే వాటా) ఎక్కువ వచ్చిందన్నదే మీరు చూపిన ఆధారం. నా అభ్యంతరం అక్కడే. షేర్లు చాలావరకు మార్కెట్‌తో పాటే లేస్తాయి, పడతాయి కాబట్టి ఆర్-స్క్వేర్ ఎలాగూ బాగానే వస్తుంది. చూడాల్సింది ఆల్ఫా, అంటే మోడల్ వివరించలేక మిగిలిపోయిన సగటు రాబడి. పోర్ట్‌ఫోలియోలన్నిటి (షేర్ల గుంపులన్నిటి) ఆల్ఫాలూ ఒకేసారి సున్నాయే అనుకోవచ్చా లేదా అని తేల్చడానికి 1989 నుంచి జీఆర్ఎస్ (గిబ్బన్స్, రాస్, షాంకెన్) టెస్ట్ ఉంది. వ్యాసంలో దాని ఊసే లేదు.

నేను బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. ఇద్దరు తెలుగు మిత్రులతో కలిసి శని, ఆదివారాల్లో ఈ లెక్కలే వేస్తుంటాం. మొదట్లో పెద్ద పొరపాటు చేశాం. అమెరికా పద్ధతిలో జూన్ చివర పోర్ట్‌ఫోలియోలు కట్టాం. అక్కడ చాలా కంపెనీల ఖాతాలు డిసెంబరులో ముగుస్తాయి, ఆరు నెలల్లో అందరి చేతికీ అందుతాయి. మనకు ఎక్కువగా మార్చి 31. అదే ఆరు నెలలు ఇవ్వాలంటే సెప్టెంబరు చివరికి జరపాలి. లేదంటే అప్పటికి బయటికే రాని అంకెలతో షేర్లు ఎంచే ప్రమాదం ఉంది.

చిన్న కంపెనీల రాబడి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. డీలిస్ట్ అయినవాటిని (ఎక్స్ఛేంజీ జాబితా నుంచి తొలగిపోయినవాటిని) లెక్కలో వదిలేస్తే రాబడి ఉన్నదానికంటే ఎక్కువ కనిపించొచ్చు. లోయర్ సర్క్యూట్‌లో (ఆ రోజుకు ధర పడగల కింది హద్దులో) ఇరుక్కున్న షేరుకు తెర మీద ధర ఉంటుంది, కొనేవాడు దొరకడు.

ఐఐఎం అహ్మదాబాద్ వాళ్లు మొమెంటంతో (ఈమధ్య పెరిగిన షేర్లే ఇంకా పెరిగే ధోరణితో) సహా మన మార్కెట్ ఫ్యాక్టర్ల డేటాను అందరికీ అందుబాటులో పెట్టారు. దానితో మళ్లీ లెక్కగట్టి, ఆల్ఫాల పట్టికతో రెండో భాగం రాయండి, దయచేసి.