జోకెరిట్ చరిత్ర 2014లో మొదలు కాలేదు

ఫిన్లాండ్ ఐస్ హాకీ ప్రస్తావన వస్తే చాలు, ఒక మాట తెగ తిరుగుతుంది. హెల్సింకీలోని జోకెరిట్ క్లబ్బును రష్యా కుబేరులే తమ లీగ్ కోసం డబ్బు పోసి పుట్టించారట. దాని విజయాలన్నీ ఆ డబ్బు చలవేనట. 2022లో ఆ లీగ్ వదలగానే క్లబ్బూ చచ్చిందట.

పుట్టుక సంగతి తేలిగ్గానే తేలుతుంది. 1967లో తోలోన్ వేసా అనే క్లబ్బు హాకీ విభాగమే జోకెరిట్ అయింది. 1973లో దేశ చాంపియన్. తర్వాత కెనడాలోని ఎడ్మంటన్ జట్టుకు వెళ్లి, ఉత్తర అమెరికా హాకీలో అతి పెద్దదైన స్టాన్లీ కప్పును ఐదుసార్లు గెలిచిన యారి కుర్రి మొదట ఆడింది ఇక్కడే.

ఇక డబ్బు చలవ. 1987లో జోకెరిట్ కింది డివిజన్‌కు జారిపోయింది. అక్కడ రెండేళ్లు మగ్గింది. తర్వాత పెద్ద హాకీ స్టార్ అయిన టేము సెలానె టీనేజీ కుర్రాడిగా ఉన్న జట్టు 1989లో మళ్లీ పైకొచ్చింది. 1991లో క్లబ్బు ఫిన్లాండ్ వ్యాపారి హార్కిమో చేతికి వచ్చింది. ఒంటరిగా పడవలో ప్రపంచం చుట్టొచ్చిన మనిషాయన, ఆ మొండితనం క్లబ్బు నడపడంలోనూ కనిపిస్తుంది. 1992, 1994, 1996, 1997, 2002ల్లో దేశ టైటిళ్లు, మధ్యలో రెండు యూరోపియన్ కప్పులు. ఇవన్నీ రష్యా లీగ్‌లో చేరకముందువే. చేరాక అక్కడి కప్పు ఒక్కసారీ గెలవలేదు.

రష్యా డబ్బు రానేలేదా అంటే, వచ్చింది. 2013లో హార్కిమో తన అరేనాను రష్యా కుబేరులు తిమ్‌చెంకోకు, రోటెన్‌బర్గ్ తండ్రీకొడుకులకు (తండ్రి బోరిస్) అమ్మాడు, క్లబ్బులోనూ వాటా ఇచ్చాడు. 2014లో జట్టు ఫిన్లాండ్ లీగ్ వదిలి రష్యా నడిపే లీగ్ కేహెచ్ఎల్‌లో చేరింది. నా దృష్టిలో అది చెడ్డ బేరం. ఉక్రెయిన్‌లోని క్రిమియాను రష్యా కలిపేసుకున్నాక అదే ఏడాది మార్చిలో తిమ్‌చెంకో, బోరిస్ రోటెన్‌బర్గ్‌ల మీద అమెరికా ఆంక్షలు పెట్టింది, అయినా ప్రయాణం ఆగలేదు. కానీ అమ్మింది ఫిన్లాండ్ మనిషే. తప్పంతా రష్యా ఖాతాలో రాసేస్తే ఆయన చవగ్గా బయటపడ్డట్టే.

చావు కబురు మరీ అన్యాయం. ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైన మర్నాడే, 2022 ఫిబ్రవరి 25న, ఆ లీగ్ చివరి నాకౌట్ పోటీలు (ప్లేఆఫ్‌లు) ఆడాల్సి ఉండగా జోకెరిట్ తప్పుకుంది. ఒక సీజన్ ఖాళీగా గడిపి, 2023లో ఫిన్లాండ్ రెండో అంచె లీగ్ మెస్టిస్‌లో దిగింది. యజమానుల మీద ఆంక్షలతో పాత అరేనా మూతపడటంతో, ఆరుసార్లు చాంపియన్ అయిన జట్టు కెరవా అనే చిన్న ఊరి హాల్లో సొంత మ్యాచ్‌లు ఆడింది.