నలభై దాటితే కొవ్వు కణాలు మూగబోతాయా?

ఈమధ్య తెగ తిరుగుతున్న ఒక ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "నలభై దాటగానే మెటబాలిజం పడిపోతుంది. కొవ్వు కణాల్లోని సిగ్నల్ ప్రొటీన్లు ఒక్కొక్కటిగా ఆగిపోతాయి. మెదడుకు కబురు అందదు, కొవ్వు కరగదు. ఇక తిండి తగ్గించినా, వ్యాయామం చేసినా వృథా. క్వెర్సెటిన్ (ఉల్లి, ఆపిల్ లాంటి వాటిలో ఉండే పదార్థం) పొడితో సిగ్నళ్లను రీసెట్ చేసుకోవాలి." అక్కడక్కడా నిజం కలిసింది కాబట్టే జనం నమ్ముతున్నారు.

ముందు ఆ నలభై సంగతి. 29 దేశాల్లో దాదాపు 6,400 మందిని, ఎనిమిది రోజుల పసికందుల నుంచి 95 ఏళ్ల వాళ్ల దాకా కొలిచిన అధ్యయనం ఒకటి 2021లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఒంటి పరిమాణాన్ని, కండను లెక్కలోకి తీసుకుని చూస్తే, 20 నుంచి 60 ఏళ్ల దాకా శరీరం ఖర్చు చేసే శక్తి దాదాపు మారలేదు. అరవై తర్వాతే ఏడాదికి 0.7 శాతం చొప్పున తగ్గింది. నలభైల్లో పొట్ట వస్తే రావచ్చు గానీ, తప్పు మెటబాలిజం మీదకు నెట్టడం కుదరదు.

"సిగ్నల్ ప్రొటీన్లు ఆగిపోతాయి" అన్నదే అసలు పొరపాటు. వయసుతో కొవ్వులో ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్-ఆల్ఫా లాంటి వాపు ప్రొటీన్లు తగ్గవు సరికదా, పెరుగుతాయి. విభజన ఆపేసినా చావకుండా మిగిలిపోయిన ముసలి కణాలు, వాటికి తోడు రోగనిరోధక కణాలు వీటిని వదులుతుంటాయి. కొవ్వు కణాలు వదిలే, మంచి హార్మోన్ అని పేరున్న అడిపోనెక్టిన్ కూడా వృద్ధుల రక్తంలో తరచూ ఎక్కువగానే కనిపిస్తుంది. నూరేళ్లు దాటినవాళ్లలోనూ అంతే. (అయినా వృద్ధుల్లో అది మరీ ఎక్కువగా ఉండటం మరణాల రేటుతో ముడిపడి కనిపించిన అధ్యయనాలున్నాయి. ఈ ప్రొటీన్లను మంచివీ చెడ్డవీ అని విడదీయడం అంత తేలిక కాదు.)

అంతకన్నా ముఖ్యమైనది, ప్రొటీన్ ఎంత ఉందన్నది ఒక సంగతి, ఏ స్థితిలో ఉందన్నది మరో సంగతి. ఇన్సులిన్ వచ్చి కణం మీద కబురు అందుకునే ప్రొటీన్‌కు, అంటే గ్రాహకానికి, అతుక్కుంటే, లోపల ఐఆర్ఎస్-1 అనే ప్రొటీన్‌లోని టైరోసిన్ల (ఒక రకం అమైనో ఆమ్లాల) మీద ఫాస్ఫేట్ అనే చిన్న రసాయన ముక్క చేరుతుంది. ఆ కబురు ఏకేటీ అనే మరో ప్రొటీన్ దాకా వెళ్తుంది, గ్లూట్-4 అనే రవాణా ప్రొటీన్ కణం అంచుకు చేరి గ్లూకోజును లోపలికి తెస్తుంది. వాపు ఎక్కువైనప్పుడు జేఎన్‌కే అనే ఎంజైమ్ అదే ఐఆర్ఎస్-1లో సెరిన్లనే మరో రకం అమైనో ఆమ్లాల మీద ఫాస్ఫేట్ పెడుతుంది. అక్కడితో కబురు నీరసిస్తుంది. అదే ప్రొటీన్, అదే ఫాస్ఫేట్, అతుక్కున్న చోటే వేరు. పైగా ఇందులో వయసు వాటా ఎంత, పెరిగిన బరువు వాటా ఎంత అని విడదీయడం కష్టం, ఎందుకంటే ఒక్క ఊబకాయం ఉన్నా చాలు, ఇదంతా జరుగుతుంది.

"మెదడుకు కబురు అందదు" అంటే, ఒంట్లో కొవ్వు ఎంతుందో మెదడుకు చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ గురించే అనుకోవాలి. కొవ్వు పెరిగేకొద్దీ లెప్టిన్ పెరుగుతుంది. కబురు వెళ్తూనే ఉంటుంది, మెదడు దానికి సరిగా స్పందించదు.

"కొవ్వు కరగదు" అన్నదాంట్లో కొంత నిజముంది. మామూలుగా నరాలు వదిలే నార్అడ్రినలిన్ వచ్చి కొవ్వు కణం మీది బీటా గ్రాహకాన్ని తాకితే, లోపల ఎంజైములు మేల్కొని కొవ్వును విడగొడతాయి. 2017లో 'నేచర్'లో వచ్చిన పరిశోధన ప్రకారం, ముసలి ఎలుకల కొవ్వులో నరాల పక్కనుండే మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు ఎంఏఓ-ఏ ఎంజైముతో ఆ నార్అడ్రినలిన్‌నే విరిచేస్తున్నాయి. తాళం పాడవలేదు, తాళంచెవినే దారిలో ఎవరో లాక్కుంటున్నారన్నమాట. ఆ ఎంజైమును మందుతో అడ్డుకుంటే ముసలి ఎలుకల్లోనూ కొవ్వు మళ్లీ కరిగింది.

మనుషుల సంగతికొస్తే, 54 మందిని సగటున 13 ఏళ్లు గమనించిన 2019 నాటి అధ్యయనంలో, బరువు పెరిగినవాళ్లలోనూ తగ్గినవాళ్లలోనూ కూడా కణాల నుంచి కొవ్వు ఖాళీ అయ్యే వేగం తగ్గింది. అందుకు తగ్గట్టు కేలరీలు తగ్గించుకోనివాళ్లు సగటున 20 శాతం బరువెక్కారు. తిండి తగ్గించడం వృథా అన్న మాట దీంతోనే తేలిపోతుంది.

వ్యాయామం సంగతీ అంతే. పొట్ట ఉన్నవాళ్లతో 12 వారాలు సైక్లింగ్ చేయిస్తే లోపలి కొవ్వు తగ్గింది. ఇంటర్‌ల్యూకిన్-6 గ్రాహకాన్ని మందుతో మూసేసినవాళ్లలో మాత్రం తగ్గలేదు. కొవ్వులో చేరి వాపు తెస్తుందని మనం తిట్టుకునే ప్రొటీనే ఇక్కడ వ్యాయామం పని చేయడానికి కావలసి వచ్చింది.

ఇక పొడి. ముసలి కణాలను తొలగించే పరీక్షల్లో క్వెర్సెటిన్ వాడిన మాట నిజమే. 2019లో మధుమేహంతో కిడ్నీ దెబ్బతిన్న 9 మందిలో, కొవ్వులో అలాంటి కణాలు తగ్గాయి కూడా. కానీ అక్కడ ఇచ్చింది మూడు రోజులు, దాసాటినిబ్ అనే రక్త క్యాన్సర్ మందుతో కలిపి. పోల్చి చూడటానికి మందు ఇవ్వని బృందం కూడా లేదు. ఫార్వర్డ్‌లో ఈ వివరాలేవీ కనబడవు.