తవ్వేవాళ్లకు తెలియాలి కదా
రోడ్లు, నీళ్లు లాంటి పనులు చూసే ప్రభుత్వ శాఖలన్నిటినీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో కలిపేస్తే వాటి మధ్య సమన్వయం దానంతట అదే వస్తుందని ఒక వ్యాసంలో రాశారు, నాకైతే నమ్మకం లేదు. అనంతపురంలో మా వీధికి సిమెంటు రోడ్డు వేసి నెల కాలేదు, పైపులైను అంటూ నడిమధ్యలో తవ్వేశారు, పూడ్చినచోట మట్టి కుంగి ఇప్పటికీ స్కూటర్ ముందు చక్రం దిగబడుతోంది. ఇలాంటి వాటికోసమే కేంద్రం 2023 మార్చిలో కాల్ బిఫోర్ యూ డిగ్ యాప్ తెచ్చింది, ఎక్కడ తవ్వుతారో నమోదు చేస్తే అక్కడ కేబుళ్లు, పైపులు ఉన్నవాళ్లకు మెసేజ్ పోతుంది. బాగానే ఉంది, కానీ నమోదు చేయాల్సింది మనిషే కదా! జేసీబీ డ్రైవర్‌ని అడిగితే ‘కాంట్రాక్టర్ తవ్వమన్నాడు, తవ్వుతాండా అన్నా’ అన్నాడు, అంతే. ఆ వీధిలో పైపుల పని ఏదీ మిగల్లేదని నీళ్ల శాఖ సిస్టంలో ఓకే కొడితేనే రోడ్డు ఎస్టిమేటు ముందుకు కదలాలి, ఆ మెలిక ఏ సాఫ్ట్‌వేర్‌లో పెట్టారో ముందు అది చెప్పండి.