హిచ్ మారినంత మాత్రాన లాగుడు పరిమితి పెరగదు

చిన్న ఎస్‌యూవీకి ట్రైలర్ తగిలించాలనుకునేవారి మధ్య ఒక వాదన బాగా చెలామణి అవుతోంది. తయారీదారు పుస్తకంలో రాసిన లాగుడు పరిమితి వారంటీ భయంతో కావాలని తగ్గించి వేసిన అంకె అనీ, దిట్టమైన హిచ్ (ట్రైలర్ తగిలించడానికి బండి వెనక బిగించే ఇనుప చట్రం), గట్టి స్ప్రింగులు, గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ బిగిస్తే అదే బండి రెట్టింపు బరువు లాగుతుందనీ, అదే మోడల్‌కు యూరప్‌లో ఎక్కువ పరిమితి ఇవ్వడమే అందుకు రుజువనీ దాని సారాంశం. ఇందులో పాక్షిక సత్యం ఉంది గనుకే చాలామంది నమ్ముతున్నారు.

మొదట వారంటీ మాట. అమెరికాలో లాగుడు పరిమితిని తేల్చే ఎస్‌ఏఈ జె2807 అనే ప్రమాణాన్ని పాటించే తయారీదారులు, అరిజోనాలోని డేవిస్ డ్యామ్ దారిలో సుమారు 18 కిలోమీటర్ల ఎక్కుడును ఆధారంగా తీసుకుని, దాదాపు 38 డిగ్రీల వేడిలో, ఏసీ పూర్తిగా నడుస్తుండగా, వేగం నిర్ణీత హద్దుకు దిగకుండా బండి ఎక్కగలదా అని పరీక్షించాలి. ట్రైలర్ ఊగిసలాటకూ, వాలులో పార్కింగ్ బ్రేకు పట్టుకూ వేరే పరీక్షలున్నాయి. అలా తేలిన అంకెను భయంతో వేసిన అంకె అనడం సరికాదు.

ఇక హిచ్. రెండో తరగతి హిచ్ మీద 3,500 పౌండ్లు, అంటే దాదాపు 1,590 కిలోలు అని అచ్చు వేసి ఉంటుంది. ఆ ఇనుము ఓర్చుకోగల బరువు అది, బండి లాగగల బరువు కాదు. చిన్న ఎస్‌యూవీల్లో చాలావాటికి విడిగా ఛాసిస్ ఉండదు కాబట్టి హిచ్ బోల్టులు ఎక్కేది మడత రేకులతో అతికిన బాడీకే. హిచ్, దాని మీద ట్రైలర్ కూర్చునే గుండు అయిన బాల్, బండి ఈ మూడింటిలో ఏ అంకె తక్కువైతే అదే పరిమితి.

స్ప్రింగుల విషయంలో పొరపాటు మరింత లోతైనది, ఎందుకంటే అసలు ఇబ్బంది బండి వెనక భాగం కుంగడం కాదు. ట్రైలర్ ఊగకుండా నిలకడగా రావాలంటే, అమెరికా పద్ధతిలో, దాని మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి. ఆ బరువు మనుషులతో, సామానుతో పాటు బండి మోతలోనే లెక్కకు వస్తుంది. ఉదాహరణకు 450 కిలోలు మోయగల బండిలో 280 కిలోల మనుషులు, 60 కిలోల సామాను, 20 కిలోల హిచ్ ఉంటే మిగిలేది 90 కిలోలే. 10 శాతం లెక్కన 900 కిలోల ట్రైలర్‌తోనే మోత హద్దు నిండిపోతుంది, పుస్తకంలో 1,500 అని ఉన్నా సరే. పైగా ఇది మీటతూకం లాంటిది: వెనక ఇరుసుకు 1.2 మీటర్ల వెనక 100 కిలోలు వేలాడితే, 2.6 మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) ఉన్న బండిలో వెనక ఇరుసు మీద 146 కిలోలు పెరిగి, ముందు చక్రాల మీద 46 కిలోలు తగ్గుతాయి. స్టీరింగ్ తేలికైనట్టు అనిపించేది అందుకే. గట్టి స్ప్రింగు వేస్తే వెనక భాగం ఎత్తుగా కనబడుతుంది గానీ ఆ 46 కిలోలు ముందుకు తిరిగి రావు, ఇరుసు, టైర్ల పరిమితీ మారదు.

కూలర్ మాత్రం మంచి సలహాయే. ముఖ్యంగా సీవీటీ, అంటే విడి గేర్లు లేకుండా బెల్టుతో నిష్పత్తి మార్చే ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ఎక్కుడులో వేడెక్కుతుంది, ఆ వేడికి ఆయిల్ త్వరగా చెడుతుంది. అయితే కూలర్ ఆయిల్‌ను కాపాడుతుందే తప్ప బ్రేకులకు బలం ఇవ్వదు. నిండుగా ఉన్న 1,900 కిలోల బండికి బ్రేకులు లేని 900 కిలోల ట్రైలర్ చేరితే, అదే వేగంలో ఆపాల్సిన శక్తి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది, అదంతా బండి బ్రేకులే భరించాలి. యూరప్‌లో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి. ఎలక్ట్రిక్ బ్రేకులున్న ట్రైలర్ తీసుకుంటే బండిలో ఆ బ్రేకులను నడిపే బ్రేక్ కంట్రోలర్, ఏడు పిన్నుల కరెంటు కనెక్షన్ ఉండాలి. నాలుగు పిన్నులది లైట్లకే సరిపోతుంది.

యూరప్ అంకె నిజమే. కానీ అక్కడి పరీక్ష వేరు: 12 శాతం ఎక్కుడులో అయిదు నిమిషాల్లో అయిదుసార్లు బండి కదలగలగాలి. హిచ్ మీద బరువు శాతం అక్కడ తక్కువగా ఉంచుతారు, అందుకు తగ్గట్టే వేగమూ తక్కువ. జర్మనీలో ట్రైలర్ ఉన్న కారుకు మామూలుగా 80 కిలోమీటర్లే హద్దు, ప్రత్యేక అనుమతి ఉంటే 100. అక్కడి పెద్ద అంకెను మాత్రం అరువు తెచ్చుకుని, ఆ వేగాన్నీ ఆ బ్రేకులనూ వదిలేసి 110లో నడిపేవారికి ఆ అంకె వర్తించదు. హిచ్ మీద ఎంత పడుతోందో చూడటానికి పెద్ద ఖర్చేమీ లేదు: సామాను నింపిన చిన్న ట్రైలర్‌ను చదునైన చోట నిలిపి, చక్రాలకు అడ్డం పెట్టి, దాని కప్లర్‌ను, అంటే బాల్ మీద కూర్చునే ముందు కొసను, బాల్ ఉండే ఎత్తులోనే ఒక చెక్క దిమ్మె మీదుగా ఇంట్లో బరువు చూసుకునే యంత్రంపై దించితే చాలు, తేలిన బరువును పుస్తకంలోని హద్దుతో పోల్చుకోవచ్చు.