మూడో నంబరు సిగ్నల్‌కి, టేబుల్ కింద నుంచి

మూడో నంబరు సిగ్నల్ గారికి నమస్కారం.

ఈ ఉత్తరం మీ కాళ్ల దగ్గర నుంచే రాస్తున్నాను. టేబుల్ కింద వెల్లకిలా పడుకుని, నోట్లో టార్చిలైటు పెట్టుకుని, తెగిన మీ తీగ ఏదో వెతుకుతున్నాను.

మీరు రాకముందు మా 8 బై 4 అడుగుల ప్లైవుడ్ మీద రెండు బొమ్మ రైళ్లు హాయిగా తిరిగేవి. నాబ్ తిప్పితే వెళ్లేవి, ఆపడం మరిచిపోతే గుద్దుకునేవి. అసలు రైలులో 87వ వంతు సైజు కాబట్టి ఎవరూ ఎక్స్‌గ్రేషియా అడగలేదు.

బుద్ధి చెడి, రైళ్లు గుద్దుకోకుండా వాటంతటవే బ్రేకులు వేసే మన రైల్వే ఏర్పాటు కవచ్ గురించి చదివాను. 2022 మార్చిలో మన లింగంపల్లి-వికారాబాద్ లైన్లోనే, గుల్లగూడ దగ్గర రెండు ఇంజన్లను ఎదురెదురుగా తోలితే, ఇంకా 380 మీటర్ల ఎడం ఉండగానే వాటంతటవే ఆగాయట. నా స్కేల్లో అది 4.37 మీటర్లు. అంత ఎడం కావాలంటే ఒక ఇంజన్ వంటింట్లో ఉండాలి. మా ఆవిడ ఒప్పుకోలేదు. అందుకని మిమ్మల్ని పెట్టుకున్నాను.

మీకోసం బంగారంలాంటి పట్టాలు కోసి, మధ్యలో ప్లాస్టిక్ జాయినర్లు పెట్టి పదకొండు బ్లాకులు చేశాను. బ్లాకులో ఏదైనా కరెంటు లాగితే రైలున్నట్టు, లేకపోతే లేనట్టు. మీ తెలివంతా ఇంతే. ఇంజన్ లాగుతుంది, పెట్టెలు లాగవు. ఓరోజు మలుపులో కప్లింగ్ ఊడి రెండు పెట్టెలు మీ ఎదుటే నిలబడిపోయాయి. మీరు పచ్చదీపం వేసి, వెనకొచ్చే గూడ్సును అల్లుణ్ణి పిలిచినట్టు లోపలికి పిలిచారు.

అసలు రైల్వేలో ఇనుప ఇరుసే రెండు పట్టాలనూ కలిపేస్తుంది కాబట్టి ఒంటరి వ్యాగన్ ఉన్నా, పట్టాల్లో కరెంటు పంపి రైలుందో లేదో కనిపెట్టే ట్రాక్ సర్క్యూట్‌కి తెలుస్తుంది. పైగా ఆఖరి పెట్టెకు, ఇదే చివరిదని చెప్పే ఎల్‌వీ (లాస్ట్ వెహికల్) బోర్డు ఉంటుంది. బొమ్మ ఇరుసుతో పట్టాలు కలిస్తే షార్ట్ సర్క్యూటే. అందుకని ఒక్కో ఇరుసుకీ, కరెంటును కొద్దికొద్దిగానే పోనిచ్చే ఆవగింజంత పది కిలో ఓమ్‌ల రెసిస్టర్ అతికించాను. ముప్పై ఆరు ఇరుసులు, నాకేమో చత్వారం. పట్టకారులోంచి ఎగిరిపోయిన రెండు రెసిస్టర్లు ఇంతవరకూ దొరకలేదు. ఆ వారం ఇంట్లో పప్పన్నం కాస్త జాగ్రత్తగా నమిలాం.

ఇప్పుడు మీకు అన్నీ కనిపిస్తున్నాయి, లేనివి కూడా. ప్లాట్‌ఫారం దగ్గరి ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ మీద బల్లి కూర్చుంటే అరగంట ఎర్రదీపం. బల్లి ఒంటిమీద పడితే ఏ ఫలమో పంచాంగంలో ఉంది గానీ, మెయిన్ లైన్లో పడితే ఏం చెయ్యాలో లేదు. సాయంత్రం కిటికీలోంచి ఎండ పడినా ఎర్రదీపమే.

తీగ తెగినా, రిలే మొరాయించినా సిగ్నల్ ఎరుపులోకే పోవాలన్నది ఈ విద్యకు ఓనమాలు. 1957 నుంచి సికింద్రాబాద్‌లోని రైల్వే సిగ్నల్ శిక్షణ సంస్థ ఇరిసెట్‌లో ఎందరో దాన్ని కష్టపడి నేర్చుకున్నారు. మీకు మాత్రం పుట్టుకతోనే వచ్చేసింది. రెసిస్టర్లు పెట్టాక ఒక్క యాక్సిడెంటూ లేదు. రైలు కదిలితే కదా!

నిన్న పక్కింటి బుడ్డోడు వచ్చాడు. పావుగంట చూశాడు.

"అంకుల్, ఎందుకు ఆగింది?"

"సిగ్నల్ లేదు నాన్నా."

"ఎప్పుడిస్తారు?"

"చెప్పలేం."

వాడు ఇంటికెళ్లి వాళ్లమ్మతో, అంకుల్ దగ్గర ఉన్నది బొమ్మ రైలు కాదు, నిజం రైలు అని చెప్పాడట.

తెగిన తీగ దొరికింది. కాస్త కదలకుండా ఉండండి, సోల్డరింగ్ పెడుతున్నాను.

ఇట్లు,
ఒకప్పటి మీ డ్రైవరు