మూడు పవర్లు, నాలుగు మూలలు, ఒక బావ

టచ్‌స్క్రీన్ యూనివర్సల్ రిమోట్ చేతికొచ్చిన మనిషి సినిమాలు చూడటం మానేస్తాడు. రిమోట్‌నే చూస్తూ కూర్చుంటాడు. మా బావ సంగతి అంతే. టీవీకొకటి, స్పీకర్లని పలికించే రిసీవర్‌కొకటి, డిస్క్ ప్లేయర్‌కొకటి, ఇన్ని రిమోట్లు సోఫా సందుల్లో పడి కావాల్సినప్పుడు ఒక్కటీ దొరకట్లేదని అన్నింటికీ కలిపి ఒకటి తెచ్చాడు. తెచ్చాక తెలిసింది, దాని తెర ఖాళీ అని. బటన్లు మనమే గీసుకోవాలట. కంప్యూటర్లో ఎడిటర్ తెరిచి, పేజీ పెట్టి, పేజీ మీద బటన్ పెట్టి, ఆ బటన్ నొక్కితే ఏ సిగ్నల్ పోవాలో చెప్పి, మొత్తం ఫైలుని కేబుల్ తగిలించి రిమోట్‌లోకి ఎక్కించాలి. ఇది విన్న అక్క మొహం పాలిపోయింది, బావ మొహం వెలిగిపోయింది.

ఈ పిచ్చి కొత్తదేం కాదు. 1998లో ఫిలిప్స్ వాళ్లు ప్రాంటో అని ఒకటి తెచ్చారు. నలుపు తెలుపు టచ్ తెర, 320 బై 240 చుక్కలు, అంతే. ఆ కాస్త జాగాలో జనం ఒక్కో చుక్కా పేర్చి బటన్లు గీసుకున్నారు, గీసిన ఫైళ్లు ఒకళ్లకొకళ్లు పంచుకున్నారు. 2010లో ఫిలిప్స్ ఆ పని మానేస్తామని చెప్పింది గానీ సిగ్నళ్లని అంకెల్లో రాసిపెట్టుకునే ప్రాంటో హెక్స్ కోడ్లనే మాట మాత్రం రిమోట్లు కెలికేవాళ్ల నోట్లో ఇప్పటికీ ఉంది. అంతకు ముందు 1987లోనే, ఆపిల్ పెట్టినవాళ్లలో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ కూడా కోర్ అనే యూనివర్సల్ రిమోట్ తెచ్చాడు. ఈ ముక్క తెలిసినప్పటి నుంచి బావని ఏమీ అనడానికి లేదు. "అంతటివాడే కంప్యూటర్ వదిలేసి రిమోట్ మీద కూర్చున్నాడు, నాకేంటి?" అంటాడు.

ముందు నేర్పించే ఘట్టం. పాత రిమోట్‌నీ కొత్త రిమోట్‌నీ బల్ల మీద ముక్కులు ఆనేలా ఎదురెదురుగా పెట్టి, పాతదానిలో ఒక్కో బటన్ నొక్కుతుంటే కొత్తది ఆ సిగ్నల్ పట్టుకుని దాచుకుంటుంది. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు, సెకనుకి సుమారు 38 వేలసార్లు ఆరి వెలుగుతూ పోతుంది; దాన్ని ముక్కలు ముక్కలుగా, ఇంతసేపు పంపి ఇంతసేపు ఆపి, ఆ ఎడంలోనే ఒకటి సున్నాల సమాచారం ఉంచుతారు. కొన్ని కంపెనీలు 36 అంటాయి, కొన్ని 40 అంటాయి. ట్యూబ్‌లైట్ వెలుగు కూడా అడ్డం పడుతుందని బావ ఎక్కడో చదివాడు కాబట్టి ఆ సాయంత్రాలన్నీ ఇల్లు చీకట్లోనే ఉంది. మధ్యలో ఎవరైనా గదిలోకొస్తే "ఆగండి, వాల్యూమ్ పట్టుకుంటోంది!" అని అరిచేవాడు. అక్క గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి, వాల్యూమ్ పట్టుకున్నాక లోపలికొచ్చేది.

అసలు కథ బటన్లు గీయడంతో మొదలైంది. ఒక్కో బటన్‌కీ రెండు బొమ్మలు కావాలి: మామూలుగా ఉన్నప్పుడు ఒకటి, నొక్కినప్పుడు ఒకటి. బావ బటన్లకి నీడలు వేశాడు. నీడ ఎటు పడాలన్న ప్రశ్న వచ్చింది. వెలుగు పై ఎడమ నుంచి వస్తుందనుకుంటే నీడ కింద కుడికి పడాలి, అలాంటప్పుడు నొక్కిన బటన్‌కి నీడ లోపల పడాలి. దీని మీద ఒక ఆదివారం పోయింది. వెనకాల చెక్క రంగు పెట్టి, తర్వాత గీతలు పడ్డ ఉక్కు పెట్టి, దాని మీద అక్షరాలు కనపడట్లేదని తేలాక, ఉక్కు తీయకుండా అక్షరాలే తీసేశాడు. "మాటలెందుకు? బొమ్మ చూస్తే అర్థమైపోవాలి."

అర్థమైంది, ఎవరికి తోచినట్టు వాళ్లకి. సినిమాకి ఫిల్మ్ రీలు బొమ్మ. అమ్మ దాన్ని ఫ్యాన్ అనుకుంది. ఇన్‌పుట్ మార్చడానికి పెట్టె లోపలికి వెళ్తున్న బాణం. పిల్లలు దాన్ని బయటకెళ్లే దారి అనుకుని, ఏ పేజీలో ఇరుక్కున్నా అదే నొక్కేవాళ్లు, టీవీ ఏ తీగా తగిలించని ఇన్‌పుట్‌కి పోయి సిగ్నల్ లేదని చెప్పేది. అన్నీ ఆఫ్ చేయడానికి చందమామ. రీలు పక్కనే చందమామ, చూడ్డానికి మాత్రం నిజంగానే ముచ్చటగా ఉన్నాయి, కాదనను.

వాల్యూమ్ మాత్రం మూడో పేజీలో ఉంది. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఆ రిమోట్‌కి తెర కింద నిజమైన బటన్లు, వేలికి తగిలేవి, చీకట్లో చూడకుండా నొక్కగలిగేవి నాలుగున్నాయి. వాల్యూమ్‌కి వాటికంటే మంచి చోటు లేదు, చదునైన గాజు మీద వేలికి తెలిసేదేమీ ఉండదు కదా. వాటికి బావ పేజీలు తిప్పే పని అప్పగించాడు. ఎందుకు బావా అంటే, "వాల్యూమ్‌కి స్లయిడర్ గీశాను, ఎంత బాగొచ్చిందో చూడు" అన్నాడు. పైగా బ్యాటరీ మిగలడానికి తెర కాసేపటికి నిద్రపోతుంది. మొదటిసారి తాకితే మేలుకుంటుంది తప్ప పనేమీ చేయదు. అంటే ఫోన్ మోగినప్పుడు మ్యూట్ చేయాలంటే ఒకసారి లేపి, మొదటి పేజీకొచ్చి, రెండు పేజీలు తిప్పి, చెవి మీద గీత ఉన్న బొమ్మ వెతికి నొక్కాలి. ఈలోపు ఫోన్ ఆగిపోయేది, సరిగ్గా అప్పుడే ఇల్లు నిశ్శబ్దమయ్యేది.

ఇంతవరకూ భరించొచ్చు. ప్రమాదమంతా మాక్రోలో ఉంది. మాక్రో అంటే ఒక్క బటన్ నొక్కితే వరసగా పది పనులు చేసేది. రీలు నొక్కితే టీవీకి పవర్, రిసీవర్‌కి పవర్, ప్లేయర్‌కి పవర్, ఆ టీవీ ఒళ్లు విరుచుకుని లేచేదాకా కొన్ని సెకన్లు ఆగడం, ఆ తర్వాత ఇన్‌పుట్లు. వినడానికి బాగుంది. కానీ చాలా రిమోట్లలో పవర్ బటన్ ఒక్కటే ఉంటుంది, వెలిగితే ఆర్పుతుంది, ఆరితే వెలిగిస్తుంది. 'కచ్చితంగా ఆన్' అని ఒకటి, 'కచ్చితంగా ఆఫ్' అని ఒకటి విడివిడి కోడ్లు కొన్ని పరికరాలకి లోపల ఉంటాయి. వాటినే డిస్క్రీట్ కోడ్లంటారు. కంపెనీ ఇచ్చిన రిమోట్ మీద వాటికి బటన్ ఉండకపోవచ్చు, వెతికి పట్టుకుని హెక్స్ అంకెల్లో ఎక్కించుకోవాలి. బావ వెతకలేదు. అప్పటికి నీడల పనిలో ఉన్నాడు. కాబట్టి రీలు వెనక ఏ మూడు పవర్ కోడ్లున్నాయో చందమామ వెనక కూడా అవే మూడు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

పిన్నీ బాబాయీ వచ్చారు, అందరూ హాల్లో చేరారు, లైట్లు ఆరాయి. బావ రిమోట్‌ని రెండు చేతులతో పట్టుకుని, "చూడండి, ఒక్క బటన్" అని రీలు నొక్కాడు. టీవీ వెలిగింది. సరిగ్గా ఆ క్షణానే అమ్మ నడుం కింద పెట్టుకోవడానికి పెద్ద దిండొకటి తెచ్చుకుంటూ రిసీవర్ ముందు నుంచి నడిచింది. రిసీవర్‌కి వెళ్లాల్సిన పవర్ సిగ్నల్ దిండుకి వెళ్లింది. అమ్మ దాటాక ప్లేయర్ మామూలుగా లేచింది.

బొమ్మ వచ్చింది, మాట రాలేదు. టీవీ స్పీకర్లా? వాటిని వాడటం అవమానమని బావ ముందే మెనూలోకి వెళ్లి మూసేశాడు.

"ఏం లేదు, ఇంకోసారి నొక్కుతా" అన్నాడు. నొక్కాడు. టీవీ ఆరింది, రిసీవర్ వెలిగింది, ప్లేయర్ ఆరింది. మళ్లీ నొక్కాడు. టీవీ వెలిగింది, రిసీవర్ ఆరింది, ప్లేయర్ వెలిగింది. బొమ్మ ఉంటే మాట లేదు, మాట పలకాల్సిన పెట్టె వెలిగితే పలికించే ప్లేయరే లేదు. ఒకటి తిరగబడ్డాక ఎన్నిసార్లు నొక్కినా మూడూ కలిసి వెలగవని చిన్న లెక్కే గానీ, అది చీకట్లో పదిమంది చూస్తుండగా తట్టే లెక్క కాదు. బావ చందమామ నొక్కి, అన్నీ ఆపేసి మొదటి నుంచి మొదలుపెడదామన్నాడు. చందమామ టీవీని ఆర్పి రిసీవర్‌ని వెలిగించింది. కంగారుగా మళ్లీ రీలు నొక్కాడు. టీవీ, ప్లేయర్ వెలిగాయి, రిసీవర్ ఆరింది.

"ఏవండీ, రిసీవర్ ఒక్కదానికి పవర్ బటన్ లేదా?" అంది అక్క.

ఉంది. విడివిడి పవర్ బటన్లన్నీ ఒక పేజీలో ఉన్నాయి. పేజీ అందం చెడగొడుతోందని బావ దాన్ని దాచేశాడు. తెర మీద ఒక మూల మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే తెరుచుకుంటుంది. ఏ మూలో ఆ క్షణానికి గుర్తు రాలేదు.

మూలలనగానే నాకు 1955 నాటి జెనిత్ ఫ్లాష్‌మాటిక్ గుర్తొచ్చింది. తీగ లేకుండా పనిచేసిన మొదటి టీవీ రిమోట్ అది. టార్చిలైట్ లాంటిది, టీవీ తెర నాలుగు మూలల్లో నాలుగు ఫోటోసెల్స్ ఉండేవి, ఒక్కో మూలకి వెలుగు కొడితే ఒక్కో పని. ఎండ పడితే టీవీ తనంతట తనే ఛానెళ్లు మార్చేసుకునేది. మరుసటి ఏడాదే వాళ్లు దాన్ని పక్కన పెట్టి స్పేస్ కమాండ్ అని ఇంకోటి తెచ్చారు: నాలుగే బటన్లు, బ్యాటరీ కూడా లేదు, నొక్కితే లోపల చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొడుతుంది, మన చెవికి అందని ఆ శబ్దాన్ని టీవీ వింటుంది. మా అమ్మకి కావాల్సింది సరిగ్గా అదీ. ఈ చరిత్ర అంతా బావకి చెప్పబోయాను గానీ ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

మొదటి మూలలో బ్యాటరీ ఎంత మిగిలిందో చూపించింది. రెండో మూలలో ఏమీ లేదు. మూడో మూల పట్టుకోగానే తెరంతా తెల్లబడి ఓ ప్లస్ గుర్తు ప్రత్యక్షమైంది. అది తెరకి వేలు ఎక్కడ పడుతోందో నేర్పించే పేజీ. సన్నటి పుల్లతో గుర్తు నడిబొడ్డున పొడవాలి. పుల్ల ఎక్కడుందో తెలియదు. బావ చీకట్లో, కంగారులో, బొటనవేలితో అన్ని గుర్తులూ పొడిచేశాడు. అవి కూడా గుర్తు మీద కాదు, కొంచెం కుడి పక్కకి. రిమోట్ బుద్ధిగా నేర్చుకుంది. అప్పటి నుంచి ఎక్కడ తాకినా దానికి ఎడమ పక్కనున్న బటన్ పలకడం మొదలుపెట్టింది. నాలుగో మూల, అంటే కుడి అంచు, ఇక ఏ వేలికీ అందకుండా పోయింది.

"బావా, ఇంకోసారి ఆ ప్లస్ పేజీకి వెళ్లి సరిచేయొచ్చుగా?"

"ఆ పేజీ కూడా కుడి మూలేరా."

బాబాయి ఆవలించాడు. పిన్ని మాత్రం, ఇదే కార్యక్రమం అనుకుందో ఏమో, శ్రద్ధగా చూస్తోంది. అప్పుడు అమ్మ దిండు పక్కన పెట్టి లేచింది. ఏ బొమ్మా లేని, నీడా లేని, పెట్టెకే ఉన్న గుండ్రటి బటన్ దగ్గరికెళ్లి, "అల్లుడుగారూ, ఇది నొక్కితే పాడవుతుందా?" అంది.

"అత్తయ్యగారూ, దాన్ని ముట్టుకోకండి! మాక్రోకి తెలియకుండా మనం చేత్తో నొక్కితే లెక్కంతా తప్పుతుంది."

"ఇప్పుడు తప్పలేదా?" అని అక్క ఎటో చూస్తూ అంది.

అమ్మ నొక్కింది. టీవీ, ప్లేయర్ నడుస్తున్న వంతులో ఉండటం అమ్మ అదృష్టం. రిసీవర్ కూడా లేచింది. ఇన్‌పుట్ కూడా దాని ముందు భాగంలోనే ఉన్న గుండ్రటి మీట తిప్పి, ఒక్కో గడికీ ఆగి విని, మాట వచ్చిన చోట వదిలేసింది. వాల్యూమ్ మీట ఆ పక్కనే ఉంది. సినిమా మొదలైంది. అది నడిచినంతసేపూ బావ ఒళ్లో రిమోట్ పెట్టుకుని తెర వెలుగులో ఏదో గీసుకుంటూనే ఉన్నాడు. వాల్యూమ్ కావాల్సినప్పుడల్లా అమ్మ లేచింది.

సినిమా అయిపోయాక, కనీసం ఆపడమైనా తనే ఆపాలని బావ చందమామ నొక్కాడు. వేలు కింద చందమామ ఉంది, పక్కకి జరిగిన తెర మాత్రం ఎడమ పక్కనున్న రీలుని మెరిపించింది. మేమంతా ఊపిరి బిగబట్టాం. టీవీ ఆరింది. రిసీవర్ ఆరింది. ప్లేయర్ ఆరింది.

"చూశారా?" అన్నాడు బావ, మొదటిసారి నిటారుగా కూర్చుని. "ఏ బటన్ నొక్కినా పనిచేసేలా పెట్టాను."