సవరణ: చెరువు సెన్సార్లకు చాచా20 ఎక్కడ పనికొస్తుంది?

చాచా20, ఏఈఎస్ రెండూ డేటాను ఇతరులు చదవలేని రహస్య రూపంలోకి మార్చే (ఎన్‌క్రిప్షన్) పద్ధతులు. భీమవరం రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ సెన్సార్ల గురించి రాసిన పోస్టులో "ఏఈఎస్ బదులు చాచా20 పెడితే ఎన్‌క్రిప్షన్ వేగం పెరుగుతుంది" అన్న మాట అన్ని బోర్డులకూ వర్తించదు. ఆర్‌పీ2040 లాంటి, ఏఈఎస్ హార్డ్‌వేర్ లేని చిప్‌లకే అది. చాచా20కి 32 బిట్ల కూడిక, ఎక్సార్ (రెండు సంఖ్యల బిట్లను పోల్చి, వేరుగా ఉన్నచోట 1 పెట్టడం), రొటేషన్ (బిట్లను గుండ్రంగా జరపడం) చాలు; ఇవి మామూలు చిప్ కూడా చకచకా చేస్తుంది. ఈఎస్‌పీ32 చిప్‌లో ఏఈఎస్‌కు విడిగా హార్డ్‌వేర్ ఉంది కాబట్టి దాన్నే ఉంచండి.

వేగం కన్నా నాకు టెన్షన్ పెట్టేది నాన్స్, అంటే ఒక కీతో ఒక్క మెసేజ్‌కే వాడాల్సిన నంబర్. గట్టు మీద కరెంటు పోయి వస్తే బోర్డు రీస్టార్ట్ అవుతుంది. నాన్స్ కోసం వాడే కౌంటర్ మళ్లీ సున్నా నుంచి మొదలైతే, అదే కీతో అదే నాన్స్ రెండోసారి వాడినట్టే. అలా ఎన్‌క్రిప్ట్ అయిన రెండు మెసేజ్‌లను ఎక్సార్ చేస్తే కీస్ట్రీమ్ (డేటాను దాచడానికి కీ, నాన్స్‌ల నుంచి పుట్టే బిట్ల వరస) ఎగిరిపోతుంది. ఆక్సిజన్ రీడింగులు ఎలాగూ ఊహించదగ్గవే, ఇట్టే బయటపడతాయి. కౌంటర్‌ను ఫ్లాష్‌లో దాచండి. ప్రతి మెసేజ్‌కూ రాస్తే ఫ్లాష్ అరిగిపోతుంది; వెయ్యి నంబర్లు ముందే కేటాయించి ఒక్కసారి రాయండి, రీస్టార్ట్ అయితే తర్వాతి వెయ్యి నుంచి మొదలుపెట్టండి.